వాలు సైకిలు, నిటారు సైకిలు: తక్కువ శ్రమతో ఎక్కువ దూరము పోవు బండి ఏది?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



పన్నులు, మంచినీరు, పారిశుధ్యము, వీధి దీపములు మొదలగు విషయములు చర్చింపవలసిన ఈ తరగతిలో సైకిళ్ళను గూర్చిన ప్రసంగ మెందులకని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఒక్కమాట ఆలోచింపుడు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశములోని గ్రామీణ కుటుంబములలో నూటికి 46 కుటుంబములకు సైకిలు ఉండెను. మోటారు వాహనములు ఊరూర పెరిగిన మాట నిజమే. అయినను ఇంటిలోని మోటారు సైకిలు సాధారణముగా ఇంటి యజమాని వెంట పోవును. పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలిక, పాలు పోయ వచ్చు ముసలి రైతు, పనికి పోవు కూలివాడు, వీరికి నేటికిని సైకిలే దిక్కు. వీరి కాళ్ళలోని బలము గ్రామమునకు ఒక సంపద. ఆ సంపద దారిలో ఎక్కడ వృథా అగుచున్నదో తెలిసికొనుట పంచాయతీ సభ్యుల పనియే. అందుకే ఈ ప్రసంగము.

సైకిళ్ళలో రెండు రకములు కలవు. ఒకటి మనమందరము ఎరిగినది. మనిషి సీటుపై నిటారుగా కూర్చుండి, చేతులు హేండిలుపై ఆనించి, కాళ్ళు క్రిందికి త్రొక్కును. దీనిని నిటారు సైకిలు అందము. రెండవది మన ప్రాంతమున అరుదు. అందులో మనిషి పడక కుర్చీలో వలె వెనుకకు వాలి, కాళ్ళు ముందుకు చాచి త్రొక్కును. పెడళ్ళు ముందు చక్రము దగ్గర ఉండును. దీనిని వాలు సైకిలు అందము. ఈ రెండింటిలో తక్కువ శ్రమతో ఎక్కువ దూరము పోవునది ఏది? ఈ ప్రశ్నకు విదేశములలో తొంబది యేండ్లకు పైగా వాదోపవాదములు జరిగినవి. ఆ వాదములోని సారమును గ్రహించినచో మన ఊరి సైకిలుకు ఏమి కావలెనో తెలియగలదు.

సైకిలు గొప్పతనము

మొదట ఏ సైకిలైనను ఎంత గొప్ప సాధనమో చెప్పవలసియున్నది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్. ఎస్. విల్సన్ అను ఇంజనీరు 1973లో ప్రచురించిన ఒక వ్యాసములో నడచు జంతువులను, ఎగురు పక్షులను, యంత్రములను ప్రక్కప్రక్కన పెట్టి, ఒక కిలోమీటరు ప్రయాణమునకు బరువును బట్టి ఏది ఎంత శక్తి ఖర్చు చేయునో పోల్చి చూపెను. సైకిలెక్కిన మనిషి అన్నింటికంటె మొదటి స్థానములో నిలిచెను. కాలినడకన ఒక కిలోమీటరు పోవుటకు పట్టు శక్తిలో అయిదవ వంతుతో సైకిలుపై అంత దూరము పోవచ్చును. అనగా నడకకు ఖర్చగు అన్నముతో సైకిలుపై అయిదింతల దూరము పోవచ్చునన్నమాట.

ఈ సాధనము ఒక్కనాట రూపొందినది కాదు. 1817లో జర్మనీ దేశస్థుడు కార్ల్ డ్రైస్ పెడళ్ళు లేని రెండు చక్రముల బండిని చేసి, కాళ్ళతో నేలను తన్నుచు నడిపెను. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములు ఇంచుమించు సమానముగా ఉండి, గొలుసుతో వెనుక చక్రము తిరుగు సైకిలును తయారు చేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందెను. నేడు మనము ఎక్కు నిటారు సైకిలు ప్రధానముగా ఆ స్టార్లీ సైకిలు నమూనాయే.

వాలు సైకిలు కథ

ఫ్రాన్సు దేశములో చార్లెస్ మోషే అను తయారీదారు తన కుమారుని కొరకు నాలుగు చక్రములతో పెడలు బండి నొకదానిని చేసెను. దానిలో పిల్లవాడు వెనుకకు ఆనుకొని కూర్చుండి కాళ్ళు ముందుకు చాచి త్రొక్కెడివాడు. అది మామూలు సైకిళ్ళను సులభముగా వెనుక వేయుట చూచి, మోషే ఆ పద్ధతిలోనే రెండు చక్రముల వాలు సైకిలును నిర్మించెను.

1933 జూలై 7వ తేదీన పారిస్ నగరములోని పందెపు బాటపై ఫ్రాన్సిస్ ఫోర్ అను రౌతు ఆ బండి నెక్కి ఒక గంటలో 45.055 కిలోమీటర్లు పోయెను. అంతకుముందు 1914లో స్విట్జర్లండు దేశస్థుడు ఆస్కార్ ఎగ్ నిటారు సైకిలుపై నెలకొల్పిన 44.247 కిలోమీటర్ల రికార్డు సుమారు పందొమ్మిది సంవత్సరములు చెక్కుచెదరకుండెను. ఫోర్ మేటి పందెగాండ్రలో ఒకడు కాడు. రెండవ శ్రేణివాడు. అట్టివాడు మేటి వీరుని రికార్డును దాటుటతో సైకిలు లోకములో గొప్ప కలకలము బయలుదేరెను. గెలిచినది మనిషియా, బండియా అను ప్రశ్న పుట్టెను.

ఆ ప్రశ్నకు సమాధానము పరిశోధనశాలలో కాక సమావేశ మందిరములో చెప్పబడెను. అంతర్జాతీయ సైకిలు సమాఖ్య 1934లో సమావేశమై, పందెపు సైకిలు అనగా ఎట్లుండవలెనో నిర్వచించెను. పెడళ్ళ ఇరుసుకు సీటు ఎంతకు మించి వెనుక ఉండరాదో కొలత నిర్ణయించెను. ఆ కొలతలతో వాలు సైకిలు పందెముల నుండి తొలగింపబడెను. ఫోర్ రికార్డు వేరొక వర్గములోనికి నెట్టబడెను. పందెములలో స్థానము లేని బండికి పేరు రాలేదు. పేరు లేని బండికి కొనువారు తగ్గిరి. కొనువారు తగ్గగా కర్మాగారములు దాని వైపు చూడలేదు. 1939లో అదే ఫోర్ చుట్టును తొడుగు బిగించిన వాలు సైకిలుపై ఒక గంటలో 50 కిలోమీటర్లు దాటెను. అయినను కొన్ని దశాబ్దముల పాటు ఈ బండిని పట్టించుకొన్నవారు కొద్దిమందే.

1976లో అమెరికాలో మానవశక్తితో నడచు వాహనముల అంతర్జాతీయ సంఘము ఏర్పడిన తరువాత ఈ విద్య మరల చిగిర్చెను. 2016లో కెనడా దేశస్థుడు టాడ్ రైకర్ట్ అమెరికాలోని నెవాడా రాష్ట్రములో, చేప ఆకారపు తొడుగు కల్గిన వాలు బండిలో, కేవలము తన కాలిబలముతో గంటకు 144 కిలోమీటర్ల వేగము నందుకొనెను. ఆ వేగము 200 మీటర్ల దూరముపై కొలిచినది. నిటారు సైకిలుపై, సమాఖ్య నియమములకు లోబడి, 2022 అక్టోబరులో ఇటలీ దేశస్థుడు ఫిలిప్పో గన్నా ఒక గంటలో 56.792 కిలోమీటర్లు పోయెను. తొడుగు గల వాలు బండ్లపై ఒక గంటలో 90 కిలోమీటర్లకు పైగా పోయినవారు కలరు.

ఈ అంకెలు విన్నవారు, అట్లయినచో మన ఊరి బాలికలకు కూడ వాలు సైకిళ్ళే ఇప్పించవచ్చును గదా యని అనవచ్చును. తొందరపడరాదు. అంకెల వెనుకనున్న కారణము చూడవలెను.

సైకిలుకు ముగ్గురు శత్రువులు

సైకిలు త్రొక్కువాని బలమును హరించు శత్రువులు ముఖ్యముగా ముగ్గురు. మొదటిది ఎదురుగా తగులు గాలి. రెండవది నేలపై చక్రము దొర్లునపుడు కలుగు నిరోధము. మూడవది ఎత్తు. గొలుసులో పోవు నష్టము స్వల్పము. శుభ్రముగానున్న మంచి గొలుసు మనము పెట్టిన బలములో నూటికి 97, 98 పాళ్ళు చక్రమునకు చేర్చగలదు.

గాలి సంగతి విచిత్రమైనది. వేగము రెట్టింపైనచో గాలి నిరోధము రెట్టింపు కాదు, నాలుగింతలగును. ఆ నిరోధమును రెట్టింపు వేగముతో నెట్టవలెను గనుక అందులకు కావలసిన శక్తి ఎనిమిదింతలగును. వాలు సైకిలు రహస్యమంతయు ఇందే ఉన్నది. వాలి కూర్చున్నవాని కాళ్ళకు అదనపు బలమేదియు రాదు. నిటారుగా కూర్చున్నవాని రొమ్ము తలుపు వలె గాలికి అడ్డుపడును. వాలి కూర్చున్నవాడు గాలికి తన పాదములను, కొద్ది శరీరమును మాత్రమే చూపును. ఆదా అంతయు అందులోనిదే.

దీనిని అంకెలలో చూతము. శక్తిని వాట్లలో కొలుతురు. నూతిలో నుండి 10 లీటర్ల నీటిని సెకనుకొక మీటరు చొప్పున పైకి లాగుటకు సుమారు 100 వాట్ల శక్తి కావలెను. ఆరోగ్యవంతుడగు సామాన్యుడు గంటసేపు విడువక చేయగల పని ఇంచుమించు అంతే. ఇప్పుడు 60 కిలోల మనిషి 20 కిలోల సైకిలుపై చదునైన తారు రోడ్డున, గాలి లేని వేళ పోవుచున్నాడనుకొందము. నేను చెప్పబోవు లెక్కలు సామాన్యమైన కొలతలపై వేసినవి. మనిషిని బట్టి, బండిని బట్టి అవి కొంత మారును.

గంటకు 30 కిలోమీటర్ల వేగమున నిటారు సైకిలుకు సుమారు 250 వాట్లు కావలెను. అందులో అయిదింట నాలుగు వంతులు గాలికే పోవును. అదే వేగమున వాలు సైకిలుకు సుమారు 170 వాట్లు చాలును. ఆదా 80 వాట్లు. ఇది చాల పెద్ద మొత్తము. పందెగాండ్రు దీని కొరకు పోరాడుటలో ఆశ్చర్యము లేదు.

కాని మన ఊరివాడు గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోడు. అతని వేగము 12 మొదలు 15 కిలోమీటర్లు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున నిటారు సైకిలుకు సుమారు 50 వాట్లు, వాలు సైకిలుకు సుమారు 42 వాట్లు కావలెను. ఆదా ఎనిమిది, తొమ్మిది వాట్లకు మించదు. అనగా వేగము సగమైనపుడు వాలు సైకిలు లాభము తొమ్మిదవ వంతుకు పడిపోయినది.

దారి చేయు దోపిడి

ఇక రెండవ శత్రువును చూడుడు. పై లెక్క తారు రోడ్డుపై వేసితిని. అదే నిటారు సైకిలు, అదే మనిషి, అదే 15 కిలోమీటర్ల వేగము. రోడ్డు మాత్రము గుల్లబారిన మట్టి బాట. అట్టి బాటపై చక్రముల నిరోధము రెండింతలు, మూడింతలు కూడ పెరుగును. రెండున్నర రెట్లు పెరిగినదనుకొన్నచో అదనముగా ఖర్చగు శక్తి సుమారు 40 వాట్లు. ఇసుక మేటలలో, వర్షాకాలపు బురదలో ఇంకను హెచ్చు.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కూర్చుండు తీరు మార్చినందున మిగులునది ఎనిమిది, తొమ్మిది వాట్లు. చెడిన దారి హరించునది 40 వాట్లు. బడికి పోవు బాలికకు వేల రూపాయల క్రొత్త బండి కొనియిచ్చినను, దారి బాగుచేయనిచో ఆ బండి ఇచ్చినదానికి నాలుగు రెట్లు దారి లాగుకొనును. ఈ ప్రసంగములో మీరు జ్ఞాపకముంచుకొనవలసిన మాట ఒక్కటే యైనచో అది ఇదియే.

మూడవ శత్రువు ఎత్తు. నూరు మీటర్ల దూరమునకు మూడు మీటర్లు లేచు ఎక్కుడులో 80 కిలోల మొత్తము బరువుకు 2.4 కిలోల బరువు ఎల్లప్పుడును వెనుకకు లాగుచుండును. అక్కడ వేగము తగ్గును గనుక గాలి ఆదా మాయమగును. వాలు సైకిళ్ళు సాధారణముగా కొంత బరువు హెచ్చు. పైగా నిటారు సైకిలుపై మనిషి సీటు నుండి లేచి తన శరీర భారమంతయు పెడలుపై మోపగలడు. వాలు సైకిలుపై అట్టి వీలు లేదు.

బరువు మోయుటలో కూడ మన ప్రాంతములకు నిటారు సైకిలే అనుకూలము. క్యారియరుకు ఇరుప్రక్కల పాల క్యానులు తగిలించుకొనవచ్చును. గడ్డిమోపు, ధాన్యపు బస్తా, కొబ్బరి బొండముల గెలలు కట్టుకొనవచ్చును. బరువు మరీ హెచ్చినపుడు దిగి నడచుచు బండిని చేతితో నెట్టుకొని పోవచ్చును. నేలకు దగ్గరగా నుండు వాలు సైకిలు లారీల నడుమ, రాత్రివేళ, డ్రైవరు కంటికి త్వరగా ఆనదు. దాని గొలుసు పొడవు హెచ్చు. దాని విడిభాగములు మన మండల కేంద్రపు సైకిలు షాపులో సాధారణముగా దొరకవు. చెడినచో బాగుచేయువారు లేని యంత్రము, అది ఎంత గొప్పదైనను, పల్లెకు భారమే.

వాలు సైకిలుకు గల న్యాయము

అట్లని వాలు సైకిలు పనికిరానిదని నేను చెప్పుట లేదు. తీర్పు చెప్పునపుడు ఇరుప్రక్కల వాదనలు వినవలెను గదా. కోస్తా ప్రాంతమున గంటకు 15 కిలోమీటర్ల ఎదురు గాలిలో పోవువానికి ఆ గాలి, తన వేగము కలిసి గంటకు 30 కిలోమీటర్ల గాలి వలె తగులును. అప్పుడు వాలు సైకిలుపై గాలికి పోవు శక్తిలో సుమారు 40 వాట్లు ఆదా అగును. సీటుపై ఒత్తిడి, మణికట్ల నొప్పి, నడుము నొప్పి కలవారికి వీపు ఆనించి త్రొక్కు బండి ఎంతయో సుఖమిచ్చును. దూర ప్రయాణములకు, నున్నని పొడవాటి రోడ్లకు అది తగిన సాధనము. పడిపోవునను భయము గలవారికి మూడు చక్రముల వాలు బండ్లు కూడ కలవు.

ఇక్కడ మన ఊళ్ళలోనే ఉన్న ఒక బండి సంగతి తలచుకొనవలెను. నడువలేని వికలాంగ సోదరులకు చేతులతో త్రిప్పు మూడు చక్రముల బండ్లు పంపిణీ అగుచుండుట మీరెరుగుదురు. 1972లో కాన్పూరులో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ అలింకో అట్టి బండ్లను తయారు చేయుచున్నది. చేతుల బలము కాళ్ళ బలము కంటె తక్కువ. రెండు చక్రముల సైకిలు గుంతను తప్పించుకొని సన్నని జాడలో పోగలదు. మూడు చక్రముల బండికి మూడు జాడలు కావలెను. ఒక చక్రము తప్పించుకొన్న గుంతలో మరియొక చక్రము పడును. కావున చెడిన దారి అందరికంటె ఎక్కువగా దోచుకొనునది, అందరికంటె తక్కువ బలము గలవానినే. గ్రామ కార్యాలయము మెట్ల ప్రక్కన వాలు దారి కట్టించునపుడు, వీధి మలుపు బాగుచేయునపుడు ఆ సోదరుని చేతులను జ్ఞప్తియందుంచుకొనుడు.

సైకిలు గలవారు చేయదగినది

ఖర్చు లేకుండ శక్తి మిగుల్చు ఉపాయములు కొన్ని కలవు. గ్రామ సభలలో, పాఠశాలలలో మీరు వీనిని ప్రచారము చేయవచ్చును.

మొదటిది, టైరులో గాలి. గాలి తగ్గిన టైరు నేలపై అణగి, ప్రతి చుట్టునను నలుగుచు బలమును మ్రింగును. ట్యూబులో రంధ్రము లేకున్నను గాలి దానంతట అది కొద్దికొద్దిగా తగ్గుచుండును. వారమునకొకసారి పంపు కొట్టుట అలవాటు కావలెను.

రెండవది, సీటు ఎత్తు. పెద్దల సైకిలు పిల్లలు, పొడవైనవాని సైకిలు పొట్టివాడు ఎక్కుచుందురు. సీటు మరీ క్రిందికి దింపి మోకాళ్ళు మడచి త్రొక్కుటచే బలము వ్యర్థమగును, మోకాళ్ళు నొచ్చును. సీటుపై కూర్చుండి మడమను క్రిందికి వచ్చిన పెడలుపై ఉంచినపుడు కాలు తిన్నగా చాచుకొనవలెను. ముంగాలితో త్రొక్కునపుడు మోకాలు స్వల్పముగా వంగును. అదియే సరియైన ఎత్తు. నట్టు వదులు చేసి సరిచేయుటకు రెండు నిమిషములు పట్టును.

మూడవది, గొలుసు. మట్టి పేరుకొన్న గొలుసును గుడ్డతో తుడిచి నూనె చుక్కలు వేయవలెను. బ్రేకు కట్టలు చక్రమునకు రాచుకొనకుండ చూచుకొనవలెను. చక్రమును పైకెత్తి త్రిప్పినపుడు అది అడ్డు లేక చాలసేపు తిరుగవలెను. వెనుక ఎర్ర అద్దము తప్పక ఉండవలెను. అది శ్రమను తగ్గింపదు గాని ప్రాణమును కాపాడును.

పంచాయతీ చేయదగినది

73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు కలవు. వానిలో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు చేరియున్నవి. పెద్ద రోడ్లు వేయుట మన చేతిలో లేకపోవచ్చును. కాని సైకిలువాని శక్తిని హరించునవి సాధారణముగా చిన్న విషయములే.

సిమెంటు రోడ్డు అంచున మట్టి నింపక వదలినచో, లారీకి దారి ఇచ్చు సైకిలు బెత్తెడు పల్లములో పడును. ఆ అంచున మట్టి పోయించి దిమ్మిస కొట్టించుట పెద్ద ఖర్చు కాదు. కంకర కుప్ప రోడ్డు నడుమ నెలల తరబడి ఉన్నచో దానిని ప్రక్కకు తీయించవలెను. పంట కాలమున సగము రోడ్డుపై ధాన్యము ఆరబోసి, చుట్టును రాళ్ళు పేర్చుట మనము చూచుచున్నాము. రైతు కష్టము నిజమే. కాని చీకటిలో ఆ రాయికి గుద్దుకొనువాడు కూడ మన ఊరివాడే. కళ్ళములకు తగు స్థలము చూపుట మంచి మార్గము. సర్కారు తుమ్మ కొమ్మలు నరికిన వెంటనే దారి నుండి ఊడ్పించనిచో ఒక్క ముల్లు ఒక బాలిక పాఠమును పోగొట్టగలదు. ఇండ్ల వాడకపు నీరు రోడ్డుపైకి వదలుట కూడ దారిని గుంతలు చేయు కారణములలో ఒకటి.

పంచాయతీ కార్యాలయము వద్ద ఒక గాలి పంపు, రెండు స్పానర్లు, పంక్చరు అంటించు సామాను ఉంచుట ఏ పంచాయతీకైనను సాధ్యమే. పాఠశాల వద్ద సైకిళ్ళకు నీడ కల్పించినచో ఎండకు టైర్లు చెడవు. ఊరి నుండి ఉన్నత పాఠశాలకు పోవు దారిని సభ్యులు సంవత్సరమునకు రెండుసార్లు, వర్షములకు ముందొకసారి, తరువాత ఒకసారి, తాము స్వయముగా సైకిలుపై పోయి చూడవలెనని నా మనవి. జీపులో పోవువానికి కనపడని గుంతలు సైకిలుపై పోవువానికి లెక్కకు వచ్చును.

ఇందువలన కలుగు ఫలితము చిన్నది కాదు. 2006లో బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనుటకు ధనసహాయము చేసెను. కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితములను పరిశీలించి 2017లో ప్రచురించిరి. ఆ పథకము వలన ఉన్నత పాఠశాలలలో తగిన వయస్సున చేరు బాలికల సంఖ్య నూటికి 32 వంతులు పెరిగెను. ఆ చదువులో బాలబాలికల మధ్య గల అంతరము నూటికి 40 వంతులు తగ్గెను. పాఠశాల మూడు కిలోమీటర్లకు పైగా దూరముగానున్న ఊళ్ళలో ఈ మేలు ముఖ్యముగా కనపడెను. ఆ బాలికలకిచ్చినది సామాన్యమైన నిటారు సైకిలే. దూరమునకు భయపడి చదువు మానిన బిడ్డను ఆ రెండు చక్రములు బడికి చేర్చినవి. మూడు కిలోమీటర్ల దారిలో మోకాలి లోతు బురద నిండియున్నచో ఆ సైకిలు ఇంటి గోడకు ఆనించియే ఉండును గదా!

తీర్మానము యొక్క బలము

సభ్యులారా! మొదట చెప్పిన 1934 సంగతిని మరల తలచుకొనుడు. ఆనాడు సమావేశమైనవారు సైకిలును కనిపెట్టినవారు కారు. వారు చేసినది ఒక తీర్మానము మాత్రమే. ఆ తీర్మానము పందెపు బాటలకు సంబంధించినది. అయినను దాని ప్రభావము పందెపు బాటలు దాటి కర్మాగారములకు, అంగళ్ళకు పాకెను. ఒక రకపు బండి వెనుకబడుటకు, మరియొక రకపు బండి నిలుచుటకు అది కారణములలో ఒకటయ్యెను. మంచికో, చెడుకో, బల్ల చుట్టు కూర్చున్న కొద్దిమంది వ్రాసిన కొలతలకు అంత బలముండెను.

మీ తీర్మానములకు కూడ బలము కలదు. మీరు ఆమోదించు అంచనాలో పాఠశాల దారి చేరినదా లేదా అనునది ఒక పంక్తి మాత్రమే. ఆ పంక్తి వెనుక ఎందరి కాళ్ళ బలమో ఉన్నది. ఏ సైకిలు మేలైనదని ఎవరైన మిమ్ములను అడిగినచో ఇట్లు చెప్పుడు: వేగమే ప్రధానమైనచో, రోడ్డు నున్నగానున్నచో, ఎదురుగాలి హెచ్చుగానున్నచో వాలు సైకిలు మేలు. బరువు మోయవలెనన్న, ఎక్కుడు ఎక్కవలెనన్న, ఊరిలోనే బాగుచేయించుకొనవలెనన్న నిటారు సైకిలు మేలు. కాని మన ఊరి వేగమున ఆ రెండింటి మధ్య తేడా కంటె, మంచి దారికిని చెడ్డ దారికిని గల తేడా నాలుగు రెట్లు పెద్దది. సైకిలు ఎన్నుకొనుట కొనువాని పని. దారిని బాగుచేయుట మన పని.

వచ్చే గ్రామ సభకు ముందు మీ వార్డు నుండి పాఠశాల వరకు గల దారిని ఒకసారి సైకిలుపై పోయి చూచి, కనపడిన గుంతలను, పల్లములను, ముండ్లపొదలను కాగితముపై వ్రాసికొని రండు. ఆ కాగితమే మీ తీర్మానమునకు ముసాయిదా కాగలదు.